తాడు, పాము, దీపం

తెలుగు పాఠం చెప్పేవాడికి రజ్జుసర్పభ్రాంతి అన్నమాట చేతికర్రలాంటిది. మసకచీకట్లో తాడును చూసి పామనుకొంటాం. ఎవరో దీపం తెస్తారు. పాము పోయి తాడు మిగులుతుంది. వేదాంతం వచ్చినా, భ్రాంతిమదలంకారం చెప్పవలసి వచ్చినా, ఈ వొక్క ఉదాహరణతోనే ఇన్నేళ్ళుగా క్లాసులు గట్టెక్కిస్తున్నాను. దీపం పనిచెయ్యని చోటు కూడా వొకటి వుందని మాత్రం మా బావ వల్ల తెలిసింది.

బావ అంటే మా మేనత్త కొడుకు. నాకంటే మూడేళ్ళు పెద్ద, లెక్కల్లో గట్టివాడు. ఉద్యోగంలో కుదురుకొన్నాక, ఎదురింటివాళ్ళు తనమీద నిఘా వేశారని మొదలుపెట్టాడు. ఎదురింటాయన సాయంత్రం వస్తూనే స్కూటరు హారను రెండుసార్లు కొడతాడు. గేటు తియ్యమని అది భార్యకు సంజ్ఞ. బావ మాత్రం, తాను ఇంట్లో వున్నట్టు మరెవరికో పంపే కబురు అన్నాడు. డాక్టరుగారు చూసి స్కిజోఫ్రీనియా అన్నారు, మందులు రాశారు. మందులతో నిద్ర పట్టింది, చెవిలో వినిపించే మాటలు సద్దుమణిగాయి. హారను సంగతి మాత్రం కదల్లేదు.

అత్తయ్య నన్ను పిలిపించింది. "చదువుకొన్నవాడివి, నీ మాటంటే గురి. కాస్త నచ్చచెప్పరా" అంది. నేను నా దీపం పట్టుకొని బయల్దేరాను. వొక పూటంతా వాదించాను. అది చాలక బావను వెంటబెట్టుకొని ఎదురింటికే తీసుకువెళ్ళాను. ఆయన పాపం ఎంతో మర్యాదగా గేటు గడియ చూపించాడు. అది బిగుసుకుపోయింది, లోపలినుంచి తప్ప రాదు. బావ అంతా విన్నాడు. తిరిగి వస్తూ వీధి మలుపులో ఆగి, "నీకెంత ఇచ్చారు?" అన్నాడు.

ఆ తరవాత రెండేళ్ళు మా ఇంట్లో కాఫీ ముట్టలేదు.

పాము పోలేదు సరిగదా, దీపం పట్టినవాడు కూడా పాములవాళ్ళలో చేరిపోయాడన్నమాట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మనవాళ్ళు మొండివాణ్ణి వెక్కిరిస్తారు. ఇది మొండితనం కాదు. మొండివాడికి లోపల ఎక్కడో నాలుగో కాలు కనిపిస్తూనే వుంటుంది.

నాకంటే పెద్దవాళ్ళే ఈ తప్పు చేశారని చదివాక కొంత ఊరట కలిగింది. 1959లో అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి ఆస్పత్రిలో, మిల్టన్ రోకీచ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ముగ్గురు రోగుల్ని వొకచోట చేర్చాడు. ముగ్గురూ ఎవరికి వారే ఏసుక్రీస్తుమనుకొనేవారు. వొక వొరలో మూడు కత్తులు ఇమడవు గదా, ఎవరో వొకరు దిగివస్తారని ఆయన ఆశ. రెండేళ్ళు గడిచినా ఎవరూ దిగిరాలేదు. మిగిలిన ఇద్దరూ బతికున్న మనుషులే కారు, వాళ్ళలోపల యంత్రాలు మాట్లాడుతున్నాయని అందులో వొకడు తేల్చేశాడు. రోకీచ్ 1964లో పుస్తకం వేశాడు. తరవాతి ముద్రణలో, వాళ్ళ బతుకులతో దేవుడిలా ఆడుకొనే హక్కు తనకు లేదని ఒప్పుకొన్నాడు.

వాదన పనికిరాదు. "ఔను బావా, నిఘా వేశారు" అనడం ఇంకా ప్రమాదం. మరి దారేమిటి?

దారి 1952లోనే కొంచెం కనిపించింది. ఆ యేడే పారిస్‌లో డిలే, డెనికర్ అనే డాక్టర్లు క్లోర్‌ప్రోమజీన్ మందు ఈ జబ్బుకు పనిచేస్తుందని చూపించారు. ఆ యేడే అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టరు వొక రోగి కథ ప్రచురించాడు. వొకప్పటి సైనికుడు; ప్రభుత్వపు గూఢచారులు తనను కాపలా కాస్తున్నారని ఏళ్ళ తరబడి నమ్మినవాడు. బెక్ అతనితో వాదించలేదు. అనుమానం ఎవరెవరిమీదో వాళ్ళను జాగ్రత్తగా గమనించి రమ్మన్నాడు. చూడగా చూడగా అనుమానితుల జాబితా దానంతటదే కుదించుకుపోయింది. మందుకు వచ్చిన పేరు ఈ పద్ధతికి రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆ తరవాత లండనులో పూసల పరీక్ష వొకటి చేశారు. రెండు జాడీలు. వొకదానిలో ఎక్కువ భాగం వొక రంగు పూసలు, కొద్దిగా రెండో రంగువి. రెండో జాడీలో తారుమారు. ఏ జాడీయో చెప్పకుండా వొక్కొక్క పూస తీసి చూపిస్తారు. ఇక చాలు, ఇది ఫలానా జాడీ అని ఎప్పుడు చెప్పాలో మీ ఇష్టం. భ్రమలున్నవారు సగటున మిగతావారికంటే తక్కువ పూసలకే తేల్చేస్తారని హుక్, గారెటీ, హెమ్స్‌లీ అనేవారు 1988లో ప్రకటించారు. కొందరికి వొకటి రెండు పూసలే చాలు. (జబ్బేమీ లేని మనలోనూ అలాంటివాళ్ళున్నారు, పెళ్ళిచూపుల్లో చూస్తూంటాం.) అంటే చిక్కు నమ్మకంలోనే కాదు, నమ్మకానికి చేరుకొనే తొందరలో కూడా వుందన్నమాట.

దీన్ని పట్టుకొనే జర్మనీలో హాంబర్గ్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో స్టెఫెన్ మోరిట్జ్, కెనడాకు చెందిన టాడ్ వుడ్‌వర్డ్ అనే ఆయనతో కలిసి వొక శిక్షణ తయారుచేశాడు. 2007లో బయటికి వచ్చింది. పేరు మెటాకాగ్నిటివ్ ట్రెయినింగ్. మన ఆలోచన ఎలా నడుస్తోందో మనమే గమనించుకోవడం అనుకోండి. ఎనిమిది పాఠాలు. కొద్దిమంది వొకచోట కూర్చుంటారు. నాకు నచ్చినదేమంటే, ఎవరి పాము జోలికీ పోరు. అందరి ముందూ వేరే తాళ్ళు పెడతారు. తెరమీద బొమ్మను గీతగీతగా గీసుకొస్తూ ఇదేమిటంటారు. సగం గీతల్లోనే నిశ్చయంగా చెప్పినవాడు, బొమ్మ పూర్తయ్యాక ఇంకేదో అయ్యేసరికి నవ్వేస్తాడు. సముద్రతీరం బొమ్మ చూపించి తీసేసి, తువ్వాలు వుందా అని అడుగుతారు. వుందని చాలామంది ప్రమాణం చేస్తారు, వుండదు. స్నేహితుడు పలకరించకుండా వెళ్ళిపోయాడు, కారణాలు చెప్పమంటారు: నా తప్పా, అతని స్వభావమా, ఏదో తొందర పనా? జవాబుతోపాటు అది వందలో ఎంత నిశ్చయమో కూడా చెప్పాలి. పాఠం సరదాగా సాగుతుంది, ఎవరికీ అవమానం లేదు.

ఇదేదో మంత్రమనుకోకండి. మందులు మానుకొమ్మని ఈ శిక్షణ ఇచ్చేవాళ్ళెవరూ చెప్పరు. నలభైకి పైగా అధ్యయనాలను కలిపి చూసి 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం భ్రమల పట్టు కొంత సడలుతుంది, ఆ మేలు వొక యేడు వరకూ నిలుస్తుంది. ఆక్స్‌ఫర్డులో డానియెల్ ఫ్రీమన్ బృందం మరోవైపునుంచి వచ్చింది. నిద్ర సరిచెయ్యడం, చింతించే వేళ తగ్గించడం, భయపడి మానేసిన వీధిలోకి మెల్లగా మళ్ళీ అడుగుపెట్టించడం. 2021లో వారు ప్రచురించిన పరీక్షలో 130 మంది పాల్గొన్నారు; ఈ చికిత్స పొందినవారిలో ఇంచుమించు సగంమందికి, తమకెవరో హాని తలపెట్టారన్న నమ్మకం వదిలిపోయింది. మిగతా సగం సంగతేమిటని మీరడగవచ్చు. అత్తయ్యా అదే అడిగింది.

బావకు దొరికింది సరిగ్గా హాంబర్గు పాఠాలు కాదుగాని, వొక సైకాలజిస్టు ఆ దారిలోనే ఓపిగ్గా నడిపించింది. మాకూ పాఠం చెప్పింది. "నిజమా కాదా అన్న తగువులోకి దిగకండి. అతని భయం నిజం; దానికి సమాధానం చెప్పండి" అంది. అప్పటినుంచి హారను మోగితే అత్తయ్య "భయం వేసిందా నాన్నా, ఇలా వచ్చి కూర్చో" అనేది, అంతే. (ఎవరిని అడగాలో తెలియని ఇళ్ళవారికి 2022లో పెట్టిన టెలి మానస్ ఫోను వుంది, నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బక్కర్లేదు.)

హారను సంగతి ఈనాటికీ పూర్తిగా పోలేదు. వొకప్పుడు వందకు వంద. ఈమధ్య అడిగితే "ముప్ఫయి, వాన రోజుల్లో నలభై" అన్నాడు. వానకు కారణం నేనడగలేదు.

పోయిన నెల వొక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. నేను చిరాకుగా వున్నాను. మా ప్రిన్సిపాలుగారు వరండాలో ఎదురుపడి నన్ను చూడనట్టు వెళ్ళిపోయారు. నా క్లాసులు ఎవరికో ఇచ్చేస్తున్నారని మా ఆవిడతో చెబుతున్నాను. బావ విని, "వందలో ఎంత?" అన్నాడు.

"తొంభై" అన్నాను.

"ఇంకో మూడు కారణాలు చెప్పు."

రెండు చెప్పగలిగాను. మూడోది వెతుకుతూంటే మా ఆవిడ కాఫీ తెచ్చింది. బావ గ్లాసు అందుకొన్నాడు.