ఫోన్‌లో వేసిన నింద: షరియత్ మాట ఒకటి, కోర్టు దారి ఒకటి

తెనాలి: ఒకరి పరువు తీయాలంటే వెనుక రచ్చబండ దగ్గర నాలుగు మాటలు చాలేవి. ఆ మాట పొలిమేర దాటడానికి నాలుగు రోజులు పట్టేది. నేడు సెల్‌ఫోన్‌లో వేసిన నింద తెల్లవారేసరికి తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల దాకా, ఆపైన గల్ఫ్‌లోని బంధువుల దాకా పోతున్నది. 2024 మార్చిలో తెనాలి మహిళ ఒకరి వీడియోపై సామాజిక మాధ్యమాల్లో నీచమైన వ్యాఖ్యలు వచ్చాయి. ఆమె మరణించాక పోలీసులు కేసు పెట్టి కొందరిని అరెస్టు చేశారు.

ఆ ఉదంతంలో ముస్లిం లా ప్రసక్తి లేదు. కాని ఇలాంటి నింద ముస్లిం ఇంటి ఆడపిల్లపై పడితే మసీదు పెద్దల వద్దకు పోవాలా, పోలీసు స్టేషన్‌కా, కోర్టుకా అన్నది చాలామందికి తెలియదు.

షరియత్ ఈ విషయంలో కఠినంగా ఉన్నది. శీలవతిపై నింద వేసి నలుగురు సాక్షులను తేలేనివానికి ఖురాన్ 24వ అధ్యాయం 80 కొరడా దెబ్బలు విధించింది. ప్రవక్త సతీమణి ఆయిషాపై మదీనాలో అపవాదు పుట్టినప్పుడు, దానిని పుట్టించినవారినే గాక నోటి నుంచి నోటికి చేరవేసినవారిని సైతం మందలించింది. 'నేను రాయలేదు, వచ్చింది పంపాను' అనే సాకు అక్కడ చెల్లదు. చాటున చెడు చెప్పుకోవడం, అంటే గీబత్, నిజమైన సంగతి అయినా పాపమే. అబద్ధమైతే అది బొహ్తాన్, మరింత ఘోరం.

అయితే మన దేశంలో ఈ శిక్ష అమలులో లేదు. నేరాల విషయంలో అన్ని మతాలవారికీ ఒకటే చట్టం. 1937 నాటి షరియత్ చట్టం పెళ్ళి, విడాకులు, వారసత్వం వంటి వాటికే పరిమితం. జమాత్ పెద్దలు రాజీ కుదర్చవచ్చు, క్షమాపణ చెప్పించవచ్చు. శిక్ష వేసే అధికారం వారికి లేదు. ఫత్వాకు చట్టబలం లేదని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది.

2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టానికి రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ విధించవచ్చు. చిక్కేమంటే, దీనిపై పోలీసులు నేరుగా కేసు కట్టరు. బాధితులే మూడేళ్ళ లోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. అశ్లీల చిత్రాలు పంపితే మాత్రం ఐ.టి. చట్టం 67వ సెక్షన్ కింద పోలీసులే కేసు పెట్టవచ్చు.

ముస్లిం లా నేటికీ అక్కరకు వచ్చే చోటు ఒకటున్నది. భార్య శీలంపై భర్తే అబద్ధపు నింద వేస్తే ఆమె కోర్టులో విడాకులు కోరవచ్చు. దీనిని లియాన్ అంటారు. విచారణలో భర్త మనస్ఫూర్తిగా ఆ మాట వెనక్కు తీసుకుంటే ఈ కారణం నిలవదు.

ఏ దారిన పోయినా కావలసింది రుజువు. నింద రాగానే సిగ్గుతో ఆ మెసేజ్ చెరిపివేయడం పెద్ద పొరపాటు. పంపినవారి నంబరు, తేదీ, గంట రాసి పెట్టుకుని, ఆ ఫోన్‌ను భద్రపరచాలి. పెద్దల రాజీ కోసం ఎదురు చూస్తూ మూడేళ్ళ గడువు దాటనివ్వరాదు.