ఇరవై పడ్డా ఓడిపోయిన మా బావ

దసరా సెలవులకు బోధన్ పోయినప్పటి ముచ్చట. మా డాబా మీద నలుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో: 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. డీఎం అనే ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళం అందులో పాత్రలం. గెలుస్తామో లేదో తెలియని పని చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి.

మా బావ కోట గోడ ఎక్కుతున్నాడు. పాచిక వేస్తే ఇరవై పడింది! అందరం అరిచాం. మా దోస్తు (వాడే డీఎం) మాత్రం తాపీగా అన్నాడు: "25 కావాలె బావా. నీకు రెండు కలిపితే 22. కిందవడ్డవ్."

"పోయిన నెల మీ తమ్మునికి ఇరవై పడితే తలుపు ఇరిగిందన్నవ్ గదా? నాకెందుకు గాదు?"

వాడు పుస్తకం తీసి చూపించాడు. నిజమే, 2014 రూల్స్ ప్రకారం ఇరవై పడితే దెబ్బ తగిలి తీరేది దాడికి మాత్రమే. గోడలు ఎక్కడానికి, తలుపులు విరగ్గొట్టడానికి కాదు. అంతే, ప్రతి పది అడుగులకూ ఒక ఆరుముఖాల పాచిక చొప్పున దెబ్బలు. ఎనిమిది నెలలు పెంచుకున్న పాత్ర చచ్చిపోయింది. బావ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం ప్రకారం మా దోస్తుదే రైటు. అయినా వాడు తప్పు చేశాడనే నేనంటాను.

ఒకటి, ఇరవై పడ్డా చాలనప్పుడు అసలు పాచిక ఎందుకు వేయించాలి? ఫలితం అనుమానంగా ఉంటేనే వేయించమని అదే పుస్తకం చెప్తుంది. "నీతోని కాదు బావా" అంటే సరిపోయేది, ఇంకో దారి చూసుకునేవాడు.

రెండు, పోయిన నెల తలుపు విరిగిన రోజే మాకది రూలైపోయింది. మా సాఫ్ట్‌వేర్‌లో కూడా అంతే. పొరపాటున వదిలిన బగ్ మీద నలుగురు ఆధారపడ్డాక, చెప్పకుండా తీసేస్తే తిట్లు తప్పవు. ముందు నోటీసిచ్చి, తర్వాతి వెర్షన్‌లో తీస్తాం. అష్టాచమ్మలో చూడండి, పావును చంపందే లోపలి గళ్ళలోకి పోనివ్వని ఇళ్ళున్నాయి, పోనిచ్చే ఇళ్ళున్నాయి. రెండూ ఒప్పే. గవ్వలు వేశాక మారిస్తేనే కొట్లాట.

"ఆఖరి మాట డీఎందే కదా" అంటారా? ఒప్పుకుంటా. అందుకే బాధ్యత కూడా వాడిదే. తీర్పు ఇవ్వకపోవడం ఇంకా ఘోరం. బోధన్‌ని భారతంలోని ఏకచక్రపురం అంటారు మావాళ్ళు, కాబట్టి ఆ ఉదాహరణే చెప్తా :) తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం కాసే హక్కుందా అని ద్రౌపది అడిగింది అచ్చంగా రూల్స్ ప్రశ్నే. ధర్మం సూక్ష్మం అని భీష్ముడు తప్పించుకున్నాడు. నోరు విప్పింది చిన్నవాడు వికర్ణుడు. తర్వాత ఏమైందో మనకు తెలుసు.

అందుకే అనుమానమొస్తే ఆటగాడి వైపు తీర్పిచ్చి, కొత్త రూల్ వచ్చే ఆట నుంచి పెట్టాలి. పుస్తకం ఎక్కడికీ పోదు, మనిషి పోతాడు.

నిన్న దోస్తు ఫోన్ చేశాడు. గోడ దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెడదామని బావకు చెప్పమన్నాడు. "నువ్వే చెప్పు" అన్నాను. చెప్పాడట. బావ ఇంకా జవాబివ్వలేదు.