గరాజు కబుర్లు: పి తర్వాత ఏ అక్షరం?

పిల్లలూ, అమ్మానాన్నల కారెక్కినప్పుడు గేరు లీవరు పక్కన అక్షరాలు ఎప్పుడైనా చూశారా? పి, ఆర్, ఎన్, డి, ఎల్. పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్, లో. కొన్ని కార్లలో ఎల్ ఉండదు, కొన్నిటిలో లీవరు బదులు మీటలుంటాయి. అయినా చాలా కార్లలో పి పక్కన ఆర్, దాని పక్కన ఎన్, ఆ తర్వాత డి అనే వరుసే ఉంటుంది. ఇది మొదటినుంచీ ఇలాగే ఉందనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పోయిన వేసవిలో మా డ్రైవ్‌వేలో జరిగిన సంగతి చెప్తాను, వినండి.

మిషిగన్‌లో ఉంటూ పాత కార్ల మీద మోజు పడకుండా ఉండటం కష్టం. వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే నాకు, శనివారం చేతికి గ్రీజు అంటితేగానీ తోచదు. మూడేళ్ళ కిందట 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్ కారొకటి కొన్నాను. అందులో ఉన్నది పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేర్ బాక్సు. ముందుకు వెళ్ళడానికి రెండే గేర్లు. ఊళ్ళో హాయిగా పోతుంది గానీ, ఫ్రీవే ఎక్కితే ఇంజను ఒకటే రొద.

అందుకని చాలామంది చేసే పనే నేనూ చేశాను. పాతది దించి, 1980లలో జనరల్ మోటార్స్ తయారుచేసిన 700ఆర్4 అనే నాలుగు గేర్ల బాక్సు ఎక్కించాను. దాని నాలుగో గేరు నిష్పత్తి 0.70. అంటే నేరు గేరులో ఇంజను వంద చుట్లు తిరగాల్సిన చోట డెబ్భై తిరిగితే చాలు. దీంతో ఒక చిక్కుంది. యాక్సిలరేటరు ఎంత నొక్కామో గేర్ బాక్సుకు తెలియజెప్పే తీగ ఒకటి కార్బ్యురేటరు నుంచి వస్తుంది. అది సరిగ్గా బిగించకపోతే లోపల నూనె ఒత్తిడి చాలక, క్లచ్ ప్లేట్లు జారి మాడిపోతాయి. ఆ తీగ సరిచేయడానికి రెండు వారాంతాలు పట్టింది. గేర్లు చురుగ్గా మారేలా లోపలి స్ప్రింగులు మార్చే కిట్టు కూడా వేశాను.

మిగిలిపోయింది ఒక్కటే. స్టీరింగు వెనకాల అక్షరాలు చూపించే ప్లాస్టిక్ పట్టీ. 1957 కారులో ఆ వరుస వేరు: పి, ఎన్, డి, ఎల్, ఆర్. రివర్స్ చిట్టచివర ఉంటుంది. కొత్త బాక్సులో పార్క్ పక్కనే రివర్స్. అంటే ముల్లు ఎన్ మీద ఉంటే, నిజానికి గేరు రివర్స్‌లో ఉన్నట్టు! ఆ సంగతి నాకు తెలుసు. 'నేనొక్కణ్ణే కదా నడిపేది, తర్వాత మారుద్దాంలే' అనుకున్నాను. సాఫ్ట్‌వేరులో ఇలాంటి 'తర్వాత' ఎన్ని చూడలేదు!

ఆ రోజు బానెట్ ఎత్తి కార్బ్యురేటరు సరిచేస్తున్నాను. లెర్నర్ పర్మిట్ కొత్తగా వచ్చిన మా పదిహేనేళ్ళవాడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను ఆన్‌లోనే ఉంది. 'న్యూట్రల్‌లో పెట్టరా' అన్నాను. వాడు బ్రేకు తొక్కి, ముల్లును ఎన్ మీదికి తెచ్చి, కాలు తీశాడు. కారు గబుక్కున వెనక్కి పోయింది. వాడు బెదిరి మళ్ళీ బ్రేకు తొక్కేసరికి, వెనకాల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చక్రం కింద నుజ్జయింది.

ఆ కుర్చీ మా నాన్నగారిది. గుంటూరు నుంచి వచ్చి ఆర్నెల్లు మాతో ఉన్నారు. కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు కూడా కాలేదు.

కంగారులో వాడి మీద గట్టిగా అరిచాను. 'నాన్నా, ఎన్‌లోనే పెట్టాను' అంటున్నాడు వాడు, కళ్ళనిండా నీళ్ళతో. బయటికి వచ్చిన నాన్నగారు, ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి, కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వంగి చూశారు. 'వాణ్ణెందుకు కసురుతావురా? ఇక్కడ ఎన్ అనే ఉంది. తప్పు రాసి పెట్టింది నువ్వు' అన్నారు. నాకు మాట పెగల్లేదు. వాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ రాత్రి నిద్రపట్టక ఈ వరుస చరిత్రంతా చదివాను. జనం కొనుక్కోగలిగేలా పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్. దానికి అసలు పార్కే లేదు. ఇంజను ఆపి రివర్స్‌లో వదిలేసేవారు. రివర్స్, లో గేరు పక్కనే ఉండేది. మంచులో, బురదలో కూరుకుపోతే ముందుకూ వెనక్కూ ఊపడానికి అది వీలు. కానీ లో అనుకుని చెయ్యి కాస్త జారితే రివర్స్! ఫోర్డ్ వారు 1951లోనే ఇప్పటి వరుస పెట్టారు. క్రైస్లర్ వారు 1956 నుంచి 1964 దాకా లీవరు బదులు మీటలు పెట్టారు. ఎవరి పద్ధతి వారిది. ఒక కారుకు అలవాటుపడ్డ చెయ్యి ఇంకో కారులో పొరబడేది. 1965లో రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో దీన్ని ఎండగట్టారు. 1968 జనవరి 1 నుంచి ఫెడరల్ నిబంధన అమల్లోకి వచ్చింది: ముందుకు వెళ్ళే గేర్లకూ రివర్స్‌కూ నడుమ న్యూట్రల్ ఉండాలి, పార్క్ ఉంటే అది చివర, రివర్స్ పక్కన ఉండాలి, కారు గేరులో ఉండగా స్టార్టరు పనిచేయకూడదు. అంత గొడవపడి సరిచేసిన దాన్ని నేను ఒక పట్టీ బద్ధకంతో మళ్ళీ పాడుచేశాను.

మీలో ఎవరైనా పాత కారుకు గేర్ బాక్సు మారుస్తుంటే నా మాట వినండి. ముందు అక్షరాల పట్టీ మార్చండి; కొత్త వరుసకు తగ్గవి విడిగా దొరుకుతాయి. లీవరు ఆగే మెట్లు కొత్త స్థానాలకు సరిపోతున్నాయో లేదో చూడండి. తర్వాత చక్రాలకు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, ఒక్కో స్థానంలో తాళం తిప్పి చూడండి. పార్క్, న్యూట్రల్‌లలో తప్ప ఇంజను తిరగకూడదు. తిరిగితే ఆ స్విచ్చి సరిచేసేదాకా కారు ఎవరి చేతికీ ఇవ్వకండి.

మా కారుకు కొత్త పట్టీ మరుసటి శనివారమే మా వాడు బిగించాడు. పక్కన కొత్త కుర్చీలో, ఈసారి గడ్డి మీద, వాళ్ళ తాతయ్య కూర్చుని టార్చిలైటు పట్టారు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.