ఒంటరితనానికి మూలం పని తీరు

ఊరూరా తిరిగి సరుకు అమ్మే కంపెనీ ప్రతినిధి ఒంటరితనాన్ని ఇటీవల వచ్చిన ఒక వ్యాసం మనోబలానికి సంబంధించిన విషయంగా చూసింది. కానీ ఆ ఒంటరితనానికి మూలం పని తీరులో ఉంది.

జూలూరుపాడు ప్రాంతంలో పత్తి, మిర్చి ముఖ్యమైన పంటలు. విత్తన, పురుగుమందుల ప్రతినిధులకు వానాకాలమే అసలు పని. ఏన్కూరు నుంచి జూలూరుపాడు, సుజాతనగర్ మీదుగా కొత్తగూడెం దాకా దుకాణాలు చుట్టాలి, ఆర్డర్లు రాయించాలి, చేలోకి దిగి రైతుకు మోతాదు చెప్పాలి. బోనాలు, రాఖీ, వినాయక చవితి ఈ రోజుల్లోనే వస్తాయి. పండుగ పూట కూడా లాడ్జి గదే ఇల్లవుతుంది. రైతు మందులు అరువుకు తీసుకుంటాడు, పంట అమ్ముడయ్యాకే డీలరుకు కడతాడు. అందువల్ల సీజను ముగిసినా బాకీల వసూలు కోసం తిరుగుడు ఆగదు.

చట్టం అండ కూడా ఈ ప్రతినిధులకు చాలాకాలం అందలేదు. అమ్మకాల ఉద్యోగుల కోసం 1976లో వచ్చిన కేంద్ర చట్టం నియామక పత్రాన్ని తప్పనిసరి చేసింది. పనిచేసిన కాలంలో 11వ వంతు ఆర్జిత సెలవు ఇచ్చింది. మొదట ఔషధ రంగానికి వర్తించిన ఆ చట్టాన్ని 2011లో రంగులు, బిస్కెట్లు, శీతల పానీయాల వంటి పరిశ్రమలకూ విస్తరించారు. విత్తనాలు, పురుగుమందులు అందులో చేరలేదు. 2020 నాటి వృత్తి భద్రత స్మృతి ఏ సంస్థలోని అమ్మకాల ఉద్యోగినైనా తన నిర్వచనంలోకి తెచ్చింది.

మూలం పని తీరులోనే ఉంది కాబట్టి ధైర్యవచనాలతో ఈ ఒంటరితనం తీరదు. సీజనులోనూ వారపు సెలవు, అందుకోగల టార్గెట్లు, ఇంటికి చేరేంత దూరంలో పని ప్రాంతం దీనికి అసలు పరిష్కారాలు.

— ఒక పాఠకుడు, జూలూరుపాడు