సీఐఎస్‌ఎస్‌పీ తొందరపడి రాయొద్దు!

సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగాలున్నాయని సీనియర్లు, ఇన్‌స్టిట్యూట్లు అందరూ చెబుతున్నారు. ఆ మాట ఉత్తిదేం కాదు. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోపు సమాచారమివ్వాలనీ, సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే సంస్థలను ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. డేటాకు తగిన రక్షణ కల్పించని సంస్థకు జరిమానా రూ.250 కోట్ల దాకా పడొచ్చు. కాబట్టి కంపెనీలకు మనుషులు కావాలి. మరి ఫ్రెషర్ ఏ పరీక్ష రాయాలి?

చాలామంది చూపు సీఐఎస్‌ఎస్‌పీ మీదే. ఫీజు 749 డాలర్లు, మన లెక్కలో రూ.60 వేలు దాటుతుంది. 3 గంటల్లో 100 నుంచి 150 ప్రశ్నలు. ఒకసారి జవాబు పెట్టాక వెనక్కి వెళ్లలేరు. 1000కి 700 రావాలి. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. మొత్తం 8 విభాగాల్లో కనీసం రెండింట్లో కలిపి 5 ఏళ్ల ఉద్యోగానుభవం చూపాలి. సంబంధిత రంగంలో డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయింపు, అంతే. అనుభవం లేకుండా పాసైతే ‘అసోసియేట్’ అంటారు. 6 ఏళ్లలోపు ఆ అనుభవం సంపాదించుకోవాలి. రెజ్యూమెలో సీఐఎస్‌ఎస్‌పీ అని రాసుకోవడానికి అప్పటిదాకా వీల్లేదు. ఇంట్లోవాళ్లు కూడబెట్టిన డబ్బు పెట్టేముందు ఈ సంగతి తెలుసుకోండి.

ఇప్పుడే కాలేజీ నుంచి వస్తున్నవారికి కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్, ఐఎస్‌సీ2 వారి సీసీ లాంటివి నయం. వీటికి అనుభవం తప్పనిసరి కాదు. సెక్యూరిటీ ప్లస్‌లో 90 నిమిషాలకు గరిష్ఠంగా 90 ప్రశ్నలు. ప్రస్తుత సిలబస్‌లో సెక్యూరిటీ ఆపరేషన్స్‌దే పెద్ద వాటా, 28 శాతం. లాగ్‌లు గమనించడం, దాడి జరిగితే స్పందించడం అందులోనివే. పైన చెప్పిన 6 గంటల నిబంధన పాటించడానికి కంపెనీకి కావాల్సిన పనీ అదే. అందుకే మీ సమయంలో ఎక్కువ భాగం దానికే ఇవ్వండి.

చదవడంతో పాటు చేతులూ ఆడాలి. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి ఒక లినక్స్ మెషిన్ పెట్టుకోండి. తప్పు పాస్‌వర్డ్‌తో పదిసార్లు లాగిన్‌కు ప్రయత్నించి, ఆ ఆనవాళ్లు లాగ్‌లో ఎక్కడ పడ్డాయో వెతకండి. వైర్‌షార్క్‌లో మీ సొంత ట్రాఫిక్ చూడండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఏం చేయాలి అని ఒక పేజీ రిపోర్టు రాయండి. ఇవన్నీ ఉచితమే. ఇంటర్వ్యూలో ‘ఏం చేశావు?’ అని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఒకటుంటుంది.

‘డంప్స్ బట్టీ కొట్టు, పాసైపోతావ్’ అనే సలహా మాత్రం వినకండి. దొరికితే సర్టిఫికెట్ రద్దవుతుంది. దొరక్కపోయినా, ఇంటర్వ్యూలో లాగ్ ముందు పెట్టి చదవమంటే దొరికిపోతారు.

కోర్సులో చేరేముందు ఇన్‌స్టిట్యూట్‌ను రెండు ప్రశ్నలు అడగండి: ఈ పరీక్షకు అనుభవం నిబంధన ఉందా? ల్యాబ్ ఎన్ని గంటలు? సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టొద్దు.