మాటువేసిన రాక్షసుడు, ఆదమరచిన వీరుడు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటతో పరిచయం లేని మిత్రుల కోసం ముందుగా రెండు మాటలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్ల సృష్టిగా 1974లో అచ్చయిన ఆట ఇది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు మాత్రం ఏ వీరుడి పాత్రా తీసుకోక కథను నడిపిస్తారు. ఆయన డంజియన్ మాస్టర్. అడవి, గుహ, అందులోని రాక్షసమూక అన్నీ ఆయన నోటిమాటతోనే పుడతాయి. సందేహం వచ్చిన చోట పాచిక తీర్పు చెబుతుంది.

ఈ ఆటలో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే చిక్కు ఒకటుంది. ఆటగాళ్ళకు డంజియన్ మాస్టర్ నోరే కళ్ళు. ఆయన చెప్పినదే వారికి కనిపిస్తుంది, చెప్పనిది లేనట్టే. మరి పొద చాటున నక్కిన రాక్షసుడిని ఎలా చెప్పాలి? చెబితే మాటు చెడుతుంది. చెప్పకపోతే కళ్ళకు గంతలు కట్టి కొట్టినట్టవుతుంది.

నియమాలు రాసినవారు కూడా దీనితో చాలాకాలం కుస్తీ పట్టారు. 1974 నాటి పద్ధతి సులువైనది. ఆరుముఖాల పాచిక వేస్తే 1 గానీ 2 గానీ పడినవారు ఆదమరచి ఉన్నట్టు లెక్క. 2000లో వచ్చిన మూడవ కూర్పులో దాక్కోవడం, చప్పుడు లేకుండా నడవడం ఒకవైపు, చూడడం, వినడం మరొకవైపు వేర్వేరు నేర్పులయ్యాయి. ఇందులో ఒక లోపముంది. "అందరూ ఒకసారి పాచిక వేయండి, ఏమైనా కనిపించిందేమో చూద్దాం" అనగానే గుట్టు రట్టవుతుంది. పాచిక మీద రెండే పడినవాడు కూడా కత్తి దూస్తాడు. పాత్రకు తెలియనిది ఆటగాడికి తెలిసిపోయిందన్నమాట.

2014 నాటి అయిదవ కూర్పు దీనికి చక్కని మందు వాడింది. ప్రతి పాత్రకూ పరిశీలనాశక్తిని సూచించే ఒక స్థిరమైన అంకె ఉంటుంది: 10కి ఆ పాత్ర నేర్పు కలిపితే వచ్చేది. డంజియన్ మాస్టర్ రాక్షసుల తరఫున తానొక్కడే పాచిక వేసి, ఆ అంకెతో పోల్చుకుంటాడు. బల్ల దగ్గర ఎవరికీ అనుమానం రాదు. నా దృష్టిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

అయితే ఇక్కడా లెక్క చూసుకోవాలి. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి నక్కి ఉండే నేర్పు +6. వీరులలో అందరికంటే చురుకైన చూపు ఉన్నవాడి అంకె 14 అనుకుందాం. ఇరవైముఖాల పాచిక మీద 9 లేదా అంతకుమించి పడితే గాబ్లిన్ దానిని దాటుతుంది. అంటే నూటికి 60 పాళ్ళు. నాలుగు గాబ్లిన్లకు విడివిడిగా వేస్తే నాలుగూ ఆ చూపును తప్పించుకునే అవకాశం నూటికి 13 మాత్రమే. 2014 నియమం ప్రకారం ఒక్క శత్రువును గమనించినా ఆ వీరుడు ఆదమరచినట్టు కాదు. విడివిడి పాచికలతో మాటు దాదాపు ఎప్పుడూ విఫలమే. సగంమంది నెగ్గితే చాలు అనే గుంపు నియమం పెడితే అవకాశం 82కు ఎగబాకుతుంది. మూకంతటికీ ఒకే పాచిక వేయడమే న్యాయమని నేనంటాను. మాటువేయడం మూక కలిసి చేసే ఒకే పని కదా!

పాచిక సరిపోదు. అసలు న్యాయం వర్ణనలో ఉంటుంది. 2014 నాటి స్టార్టర్ సెట్‌లోని లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్ మొదటి ఘట్టం చూడండి. అడవిబాటలో నల్లని ఈకల బాణాలు గుచ్చుకున్న రెండు గుర్రాల కళేబరాలు పడివుంటాయి. ఇరువైపులా పొదలలో గాబ్లిన్లు. రాక్షసులు కనబడరు, వారి గుర్తు మాత్రం బాట మధ్యనే ఉంది. ఆగాలా, పొదలు వెదకాలా, దగ్గరకు వెళ్ళి చూడాలా అన్నది ఆటగాళ్ళ ఇష్టం. దెబ్బ తిన్నా అది తమ నిర్ణయానికి ఫలితమే.

మనకిది కొత్త కాదు. మాయలేడిని చూడగానే అది మారీచుడేనని లక్ష్మణుడు హెచ్చరించాడు. గుర్తు అందింది, అయినా రాముడు వెళ్ళాడు. హెచ్చరిక లేకుండా ఉంటే అది వట్టి ప్రమాదంగా మిగిలేది, కథ అయ్యేది కాదు.

గుర్తులివ్వని డంజియన్ మాస్టర్ ఆటకు చేసే హాని ఒక్క పోరుతో పోదు. పెట్టె రూపంలో పొంచి ఉండే మిమిక్ అనే జీవి 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ నుండీ ఉంది. ఏ సూచనా లేకుండా దాని చేత ఒకసారి కరిపించి చూడండి. ఆ తరువాత ప్రతి పెట్టెనూ, తలుపునూ, కుర్చీనీ కర్రతో పొడిచి గానీ ఆటగాళ్ళు ముందుకు కదలరు. వారు భయపడుతున్నది రాక్షసుడికి కాదు, కథ చెప్పేవాడికి. ఆ నమ్మకం పోయాక బల్ల దగ్గర మిగిలేది లెక్కలే.

"తెలివైన శత్రువు గుర్తులు వదులుతాడా?" అని అడిగేవారున్నారు. వదలడు. కానీ అడవి వదులుతుంది. పక్షుల కూతలు ఆగిపోతాయి, గాలి వాసన మోసుకొస్తుంది, తడిమట్టి అడుగులు దాచదు. ఎంత గడుసు శత్రువుకైతే అంత సన్నని గుర్తు పెడితే సరి. ఆట మొదలు కాకముందే ప్రతి మాటుకూ ఒక గుర్తు రాసిపెట్టుకోవడం నా అలవాటు.

చివరిగా శిక్ష సంగతి. 2014 నియమంలో ఆదమరచినవాడు మొదటి వంతు పూర్తిగా కోల్పోయేవాడు. మొదటి స్థాయి మంత్రగాడికి ఏడెనిమిది ప్రాణబిందువులుంటాయి. గాబ్లిన్ బాణం సగటున అయిదారు తీస్తుంది. రెండు బాణాలకే అతను నోరు తెరవకుండా నేలకూలవచ్చు. 2024 కూర్పు దీనిని సడలించింది. ఆదమరచినవాడు వంతుల క్రమం కోసం రెండు పాచికలు వేసి తక్కువది తీసుకుంటే చాలు. పదును పోయిందని కొందరు పాతకాపులు గొణుగుతున్నారు. నేను మాత్రం ఈ మార్పు పక్షమే. సాయంత్రం పనులు మానుకుని ఆడడానికి వచ్చిన మనిషిని ఊరక కూర్చోబెట్టడంలో భయమూ లేదు, రసమూ లేదు. భయం పుట్టవలసింది పొదలోని కదలికను వర్ణించే మాటలో. అది చేతకానప్పుడు ఎన్ని వంతులు లాక్కున్నా మాటు రక్తికట్టదు.