యతిభంగమా? జిట్టరా?

గత సంవత్సరం ఒక సాహిత్య సంస్థవారు పిల్లలకు అంతర్జాలంలో పద్యపఠన పోటీ పెట్టి, నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. నేను కర్నూలులో మా ఇంట్లో. పత్తికొండ వైపు ఒక పల్లెలో ఎనిమిదవ తరగతి అమ్మాయి. కందపద్యం చదివింది. రెండవ పాదంలో ప్రాసాక్షరం వినబడలేదు. నాలుగవ పాదంలో యతిస్థానమే మాయమైంది. మార్కులు కోసివేశాను.

మరునాడు వాళ్ళ నాన్న ఒక రికార్డు పంపాడు. పోటీ జరుగుతుండగానే పక్కన మరొక ఫోనులో పట్టుకున్నాడట. "మా పాప ఎక్కడ తప్పిందో చెప్పండి సార్" అన్నాడు. విన్నాను. ఒక్క మాత్ర కూడా తప్పలేదు! ముప్పయ్యేళ్ళు ఛందస్సు చెప్పిన చెవి నాది.

నెట్‌వర్కు పనిలో ఉన్న పూర్వ విద్యార్థిని అడిగితే గుట్టు విప్పాడు. మాట ప్యాకెట్లుగా తెగి ప్రయాణిస్తుంది, సాధారణంగా ఒక్కొక్క దానిలో 20 మిల్లీసెకన్ల ధ్వని. ఒకటి పోతే చెవికి తెలియదు. వరుసగా ఐదారు పోతే ఒక లఘువే ఎగిరిపోతుంది. అన్నీ సమానంగా ఆలస్యమైతే బాధ లేదు, విలంబకాలంలో పాడినట్టే లయ నిలుస్తుంది. ఒకటి 40 మిల్లీసెకన్లకు, తరువాతిది 190కి, ఆపైది 60కి వస్తే ఆ ఒడుదుడుకే జిట్టర్. వినిపించే యంత్రం కొద్దిసేపు ఆగి వాటిని వరుసలో పెడుతుంది గాని, గడువు దాటి వచ్చినది రానిదానితో సమానమే. రికార్డు పంపినప్పుడు మాత్రం పోయిన ముక్కను మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. అందుకే అది నా దగ్గరికి అక్షరం పొల్లుపోకుండా చేరింది.

దీన్ని కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. 1983లో మైక్ మూస్ అనే అమెరికా దేశీయుడు రాసిన 'పింగ్' ఇప్పటికీ కంప్యూటర్లలో ఉంది. వందసార్లు పంపితే ఎన్ని తిరిగి వచ్చాయో, ఎంతసేపటికి వచ్చాయో చెబుతుంది. అయినా మనం చూసేది ఎన్ని ఎంబీపీఎస్ అన్న అంకెనే!

ట్రాయ్ వారు 2006లోనే బ్రాడ్‌బ్యాండుకు ప్యాకెట్ల నష్టం ఒక శాతం మించరాదన్నారు. 2024 నియమాలలో జిట్టర్ కూడా చేరింది. మంచిదే. కాని సగటు అంకెలను నేను నమ్మను. మా సీమవాళ్ళకు సగటు వర్షపాతం సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఏడాది వాన లెక్కకు సరిపోతుంది, శనగకాయ ఊడదిగే అదనుకు మాత్రం చినుకుండదు. నష్టం ఒక శాతమే కావచ్చు, అదంతా కలిసి ఒక్క పాదం మీద పడితే?

ఫలితాలు ప్రకటించాక మార్చడం కుదరదన్నారు నిర్వాహకులు. తప్పు నాదని ఆ తండ్రికి ఫోను చేసి చెప్పుకున్నాను. ఈ ఏడు మళ్ళీ పిలిచారు. పిల్లలందరి రికార్డులూ ముందే తెప్పిస్తేనే వస్తానన్నాను. ఇంకా జవాబు రాలేదు.